మనిషి కనబడని బల్ల, లెక్క కనబడని బల్ల

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆదివారం సాయంత్రం, ఎక్కువగా గణిత, గణాంకశాస్త్ర విద్యార్థులే కూర్చున్న ఒక చిన్న సభలో, గుంటూరుకు చెందిన ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి ఇది లిఖిత రూపం.

సభకు నమస్కారం.

ఈ సభ నిర్వహిస్తున్న విద్యార్థులు నాకు ఫోను చేసి "పేకాట మీద మాట్లాడాలి మాస్టారూ" అన్నప్పుడు ఫోను స్పీకరులో ఉంది, మా ఆవిడ పక్కనే కూర్చుని బియ్యం ఏరుతూ ఉంది. ఆమె తల ఎత్తకుండానే "ఇన్నాళ్లకు మీకు తగిన సభ దొరికింది" అంది. మన కృష్ణా, గుంటూరు ప్రాంతంలో పేకాట అనే మాట సాధారణంగా రెండు చోట్ల వినబడుతుంది. పెళ్లివారి విడిదిలో దుప్పటి పరచుకుని నలుగురు చేరితే దానిని నవ్వుతూ చతుర్ముఖ పారాయణం అంటాం; ఊరి చివర తోటలో అదే నలుగురు చేరితే మర్నాడు జిల్లా పేజీలో పేకాట శిబిరంపై దాడి అని చదువుతాం. నేను ఈ రెంటి జోలికీ పోను. ముప్పై ఏళ్లు సంభావ్యత పాఠం చెప్పిన మనిషిగా పోకర్ అనే ఒక్క ఆట గురించి, అందులోనూ ఒకే ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను. తెర మీద ఆడే పోకరుకూ, బల్ల చుట్టూ కూర్చుని ఆడే పోకరుకూ నియమాలు ఒక్కటే అయినప్పుడు, ఒకచోట నిలకడగా నెగ్గే మనిషి రెండోచోటికి వెళ్లి ఎందుకు తడబడతాడు, తడబడినవాడు తన ఆటలో దేనిని మార్చుకోవాలి, దేనిని మార్చుకోకూడదు అన్నదే ఆ ప్రశ్న.

ముందుగా చట్టం సంగతి చెప్పి పక్కన పెడతాను. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, న్యాయవాదులు ఇప్పటికీ 1968 నాటి సత్యనారాయణ కేసుగా ఉదహరించే తీర్పులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అనీ, మూడు ముక్కలాట మాత్రం అలాంటిది కాదనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తరువాత నైపుణ్యమా, అదృష్టమా అనే వాదన దశాబ్దాలపాటు సాగింది. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించి, అదే నెల 22న రాష్ట్రపతి సమ్మతి పొందిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమా అదృష్టమా అనే తేడా లేకుండా, దేశమంతటా నిషేధించింది. నేను 2020కి ముందు కొన్నేళ్లపాటు చిన్న మొత్తాలతో ఆన్‌లైన్‌లో ఆడాను, చట్టం వచ్చిన రోజున మానేశాను. ఇప్పుడు ఏడాదికి ఒకసారి గోవా కేసినోలో ఆడటానికి వెళ్తాను, మిగతా రోజుల్లో ఇంట్లో చింతగింజలతో ఆడతాను. మీలో ఎవరినీ డబ్బు పెట్టి ఆడమని నేను చెప్పడం లేదు. ఆ మాట ఒకసారి చెప్పాను కనుక ప్రతి పది నిమిషాలకూ మళ్లీ చెప్పను.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఎక్కువమంది ఆడే టెక్సాస్ హోల్డెమ్‌లో ప్రతి ఆటగాడికి రెండు ముక్కలు మూసి పంచుతారు. ఆపైన బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, తరువాత ఒకటి, చివరగా మరొకటి తెరుస్తారు. ఈ ఏడింటిలోంచి ఐదు ముక్కల మేలైన కూర్పు ఎవరిదైతే వారిదే మధ్యలోని సొమ్ము. పంచిన వెంటనే ఒకసారి, ముక్కలు తెరిచిన ప్రతిసారీ ఒకసారి పందెం సాగుతుంది. మిగిలినవారంతా ముక్కలు పడేస్తే చివరివాడు తన చేతిలో ఏముందో చూపించకుండానే సొమ్ము తీసుకోవచ్చు. రమ్మీ ఆడేవారికి వింతగా తోచేది ఈ చివరి నియమమే. రమ్మీలో ముక్కలు కలవకుండా షో చేస్తే 80 పాయింట్లు నెత్తిన పడతాయి. ఇక్కడ కలవని ముక్కలతోనూ నెగ్గవచ్చు, దానినే బ్లఫ్ అంటాం.

ఇక రెండు బల్లల తేడా. మొదటిది వేగం. డీలరు చేత్తో కలిపి పంచే బల్ల మీద గంటకు ఇంచుమించు 30 ఆటలు జరుగుతాయి. తెర మీద ఒక్క బల్లకే గంటకు 60, 70 జరుగుతాయి, పైగా ఒకేసారి నాలుగు బల్లలు తెరిచి కూర్చునేవారు ఎందరో. రెండు ఆసులు చేతికి వచ్చే అవకాశం 221కి ఒకటి. నాలుగు బల్లలు తెరిచినవాడికి అవి గంటలోపే వస్తాయి. గోవాలో కూర్చున్నవాడు సగటున ఏడు గంటలకు పైగా ఎదురు చూడాలి. చెప్పడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది కాని, తెర మీద పెరిగిన ఆటగాడు బల్ల దగ్గర మొదట ఓడిపోయేది ఎదుటివారి చేతిలో కాదు, తన విసుగు చేతిలోనే. రెండు గంటలు ముక్కలు పడేసి పడేసి, మూడో గంటలో ఇస్పేటు రాణి, కళావరు ఎనిమిది వస్తే అవే ముద్దుగా కనబడతాయి. అన్నట్టు, రమ్మీలో మొదటి డ్రాపుకే 20 పాయింట్లు కట్టి కూడా మనవాళ్లు హాయిగా డ్రాప్ చేస్తారు. పోకరులో ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టే చిన్న, పెద్ద పందేలను బ్లైండ్లు అంటారు; ఆ వంతు కానప్పుడు డ్రాపు పూర్తిగా ఉచితం, అయినా అదే మనుషులు ఇక్కడ చేతిలోని ముక్కలను వదలరు. దీనికి కారణం నాకు ఇప్పటికీ బోధపడలేదు.

రెండోది పందేల తీరు. ఆన్‌లైన్‌లో మొదట పందెం కట్టి ఆట తెరిచేవాడు సాధారణంగా పెద్ద బ్లైండుకు రెండున్నర రెట్లు పెడతాడు, ఇద్దరో ముగ్గురో మిగులుతారు. గోవా బల్ల మీద ఐదారు రెట్లు పెట్టినా నలుగురు వెంట వస్తారు, ఎందుకంటే వాళ్లు విమానం ఎక్కి వచ్చింది ముక్కలు పడేయడానికి కాదు. రెండు ఆసులు ఒక్క ప్రత్యర్థి మీద, వాడి చేతిలో ఏ ముక్కలున్నాయో తెలియనప్పుడు, నూటికి 85 సార్లు నెగ్గుతాయి. అవే ఆసులు నలుగురి మీద 56 సార్లకు దిగిపోతాయి. ముక్కలు మారలేదు, మనుషులు పెరిగారు. అందువల్ల ఇలాంటి బల్ల మీద మంచి ముక్కలు వచ్చినప్పుడు ముందే ఎక్కువ పెట్టి జనాన్ని తగ్గించాలి. ఒక్క జంట మాత్రమే కలిసినప్పుడు దాని మీద మమకారం తగ్గించుకోవాలి. ఐదూ ఒకే జాతి అయ్యే కూర్పులో ఆసు మన చేతిలో ఉంటే దానికి విలువ పెంచాలి.

ఇవన్నీ తెలిసే నేను 2016లో మొదటిసారి గోవా వెళ్లాను. పణజి దగ్గర మాండవి నది మీద నిలిచి ఉండే నౌకల్లో ఒకదానిలో, 100, 200 బ్లైండ్ల బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. మాటల్లో మాటగా మిర్చి వ్యాపారమనీ, మా గుంటూరేననీ తెలిసింది. ఒక ఆటలో ఆయనా నేనూ మాత్రమే మిగిలాం. నా చేతిలో రాణి, జాకీ. బల్ల మీద మొదట రాజు, తొమ్మిది, రెండు తెరుచుకున్నాయి. పది వస్తే నాకు వరుస కూడుతుంది కనుక పందెం కట్టాను, ఆయన కాల్ చేశాడు, అంటే అంతే సొమ్ము కట్టి ఆటలో నిలిచాడు. తరువాత నాలుగు వచ్చింది, మళ్లీ కట్టాను, మళ్లీ కాల్ చేశాడు. చివరగా ఆసు వచ్చింది. నా చేతిలో ఏమీ లేదు, కాని ఆసు ఉన్నవాడిలా నటించడానికి అంతకన్నా మంచి ముక్క రాదు. మధ్యలో 10 వేలు ఉన్నాయి, నేను మరో 10 వేలు లెక్కపెట్టి ముందుకు తోశాను. ఆన్‌లైన్‌లో ఇదే ఆటను కొన్ని వందల సార్లు ఆడాను, సగానికి సగం సార్లు ఎదుటివాడు పడేసేవాడు. పెద్దాయన నన్ను చూసి, సొమ్ముకు బదులు వాడే తన చిప్స్ బిళ్లలు చూసుకుని, "ఇంతదూరం వచ్చింది చూడటానికేగా బాబూ, చూద్దాం" అన్నాడు. ఆట నడుస్తుండగా తెలుగులో మాట్లాడకూడదని డీలరు మందలించే లోపలే చిప్స్ పెట్టేశాడు. ఆయన చేతిలో పది, తొమ్మిది. తొమ్మిదుల జంటతో నన్ను చివరిదాకా చూశాడు.

ఆ రాత్రి గదికి వెళ్లి నేను వేసుకున్న లెక్క ఇది. మధ్యలో 10 వేలు ఉన్నప్పుడు 10 వేలు కట్టి బ్లఫ్ చేస్తే, ఎదుటివాడు సగం సార్లు పడేస్తేనే నాకు నష్టం లాభం లేకుండా సరిపోతుంది. ఎదుటివాడి వైపు నుంచి చూస్తే, అతడు 10 వేలు పెట్టి 20 వేలు నెగ్గాలి కనుక మూడుసార్లకు ఒకసారి తనది పైచేయి అయితే చాలు. అందువల్ల ఇద్దరూ తప్పు లేకుండా ఆడే ఆటలో, ఆ పందెం కట్టేవాడి చేతిలో ప్రతి రెండు నిజమైన కూర్పులకు ఒక బ్లఫ్ ఉండాలి, కాల్ చేసేవాడు సగం సార్లు కాల్ చేయాలి. దీనిని సమతౌల్యం అంటాం. పోకరులో బ్లఫ్ అనేది గుండె ధైర్యానికి సంబంధించినది కాదనీ, లెక్కలో తప్పనిసరిగా వచ్చే భాగమనీ గణితవేత్త జాన్ వాన్ నోయ్‌మన్ 1928 నాటి వ్యాసంతో మొదలుపెట్టి, 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన గ్రంథంలో చూపించాడు. ఇంతవరకూ నాకు తెలిసిందే. కాని పెద్దాయన సగం సార్లు కాల్ చేసే మనిషి కాదు. నా అంచనాలో నాలుగింట మూడుసార్లు చేస్తాడు. అలాంటివాడి మీద ప్రతి బ్లఫ్‌కూ సగటున 5 వేలు నష్టం. అదే మనిషి పదింట ఏడుసార్లు పడేసేవాడైతే ప్రతి బ్లఫ్‌కూ 4 వేలు లాభం. నా ముక్కలూ అవే, బల్ల మీద ముక్కలూ అవే. మారినది ఎదుటి మనిషి గురించిన ఒక్క సంఖ్య. ఆ సంఖ్యను నేను ఆన్‌లైన్ నుంచి సంచిలో వేసుకుని గోవా తీసుకెళ్లాను.

ఇక్కడ మార్చుకోవడం అనే మాటకు రెండు అర్థాలున్నాయని గుర్తించడానికి నాకు మరో ఏడాది పట్టింది. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో ఒక కేసినోలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన టుయోమస్ శాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రాము నలుగురు వృత్తి ఆటగాళ్లతో, ఒక్కొక్కరితో విడివిడిగా, 20 రోజులపాటు మొత్తం 1,20,000 ఆటలు ఆడి, 17 లక్షలకు పైగా చిప్స్ ఆధిక్యంతో గెలిచింది. ఆ గెలుపు కన్నా నన్ను ఆకట్టుకున్నది దాని రాత్రి పని. పగలు ఆ నలుగురూ దాని ఆటలో లొసుగులు వెతికేవారు, సాయంత్రం కూర్చుని ఒకరి పరిశీలనలు ఒకరికి చెప్పుకునేవారు. లిబ్రాటస్ మాత్రం రాత్రిపూట వాళ్ల బలహీనతలను వెతకలేదు. వాళ్లు ఎక్కడెక్కడ తనను పరీక్షిస్తున్నారో గమనించి, ఆ చోట్ల తన లొసుగులనే పూడ్చుకుంది. తెల్లవారి వాళ్లు నిన్నటి కన్నం కోసం వస్తే అక్కడ గోడ ఉండేది. నలోపాఖ్యానం గుర్తుకు వచ్చింది నాకు. పుష్కరుడి చేతిలో రాజ్యం ఓడిన నలుడు పుష్కరుడి గుట్టు కనిపెట్టడానికి పోలేదు. దారిలో ఒక చెట్టు ఆకులను, కాయలను లెక్క కట్టి చెప్పిన ఋతుపర్ణుడికి అశ్వహృదయం అనే గుర్రాల విద్య ఇచ్చి, ఆయన దగ్గర అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకుని తిరిగి వచ్చాడు. మన లొసుగు పూడ్చుకోవడం ఒక మార్పు, ఎదుటివాడి లొసుగులోకి చేయి పెట్టడం మరొక మార్పు. మొదటిదానికి ఎదుటివాడు ఎవరైనా ఒకటే; రెండోదానికి ఎదుటివాడెవరో రూఢిగా తెలియాలి. మొదటిదాని ఖర్చు మన శ్రమ మాత్రమే. రెండోది చేస్తున్నప్పుడు మనం సమతౌల్యం వదిలి ఒక పక్కకు వంగుతాం కనుక, అదే క్షణంలో మన లొసుగు ఒకటి తెరుచుకుంటుంది.

నా అభిప్రాయంలో ఆన్‌లైన్ ఆట మొదటి రకం మార్పుకు బడి, ఎదురుగా కూర్చుని ఆడే ఆట రెండో రకానికి పరీక్ష. మన దగ్గర చాలామంది దీనిని తిరగేసి ఆడతారు.

ఆన్‌లైన్‌లో తిరగేయడం ఎలా జరుగుతుందో చెబుతాను. అక్కడ ఎదుటివాడి ముఖం ఉండదు, పేరు కూడా నిజమైనది కాదు, కాని సంఖ్యలు పుష్కలం. ఎవరు నూటికి ఎన్ని ఆటల్లో డబ్బు పెడుతున్నారు, ఎన్నిటిలో రైజ్ చేస్తున్నారు, అంటే పందెం పెంచుతున్నారు, అని లెక్కకట్టి వాళ్ల పేరు పక్కనే చూపించే సాఫ్ట్‌వేర్లు ఉండేవి; కొన్ని సైట్లు వాటిని అనుమతించేవి, కొన్ని నిషేధించేవి. ఒకడు 30 ఆటల్లో 12 ఆడాడు, తెర మీద 40 శాతం అని కనబడింది. వీడు దేనితోనైనా ఆడతాడని మనవాడు నిశ్చయించుకుని అవతలివాడి ప్రతి రైజునూ అనుమానిస్తాడు. గణాంకశాస్త్రం విద్యార్థులు ఇక్కడ నవ్వాలి. 30 పరిశీలనలకు ఆ 40 శాతం మీద ప్రామాణిక దోషం 9 శాతం. నూటికి 95 నమ్మకంతో చెప్పాలంటే అసలు సంఖ్య 22 నుంచి 58 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 22 శాతం ఆడేవాడు జాగ్రత్తపరుడు, 58 శాతం ఆడేవాడు సెలవుల మీద ఉన్న పెళ్లికొడుకు. వీరిద్దరికీ తేడా చెప్పలేని సంఖ్యను చూసి ఆట మార్చడం అంటే, ఒక్క మబ్బు చూసి కల్లంలో మిర్చి అంతా ఎత్తేయడం. ఇక ఎదుటివాడు తీసుకునే సమయాన్ని చదవడం మరొకటి. వెంటనే కాల్ చేస్తే ఒక అర్థం, ఆలోచించి కాల్ చేస్తే ఒక అర్థం అంటారు, అందులో కొంత నిజం ఉంది కూడా. కాని అవతలివాడు ఇంకో మూడు బల్లల మీద ఉన్నాడేమో, వాళ్ల వీధిలో కరెంటు పోయిందేమో మనకు కనబడదు. నేను గుంటూరులో ఆడిన రోజుల్లో నా ఆలస్యాలు సగం విద్యుత్ సరఫరాకు సంబంధించినవే. వాటిని నా బలహీనతలుగా రాసుకున్నవాళ్లు ఎందరో.

ఆన్‌లైన్ సంఖ్యలు నిజంగా పనికివచ్చేది మన మీద మనం వాడుకున్నప్పుడు. నా ఆటలన్నీ నా దగ్గరే నమోదై ఉంటాయి, వేల సంఖ్యలో. పెద్ద బ్లైండు చోటి నుంచి నేను ఎంత పోగొట్టుకుంటున్నాను, రాజు ఉన్న బల్ల మీద ఎన్నిసార్లు కారణం లేకుండా పడేస్తున్నాను అన్నది ఒకరి గురించి 30 ఆటల సంఖ్య కాదు, నా గురించి 30 వేల ఆటల సంఖ్య. అక్కడ కూడా ఫలితాన్ని చూసి మురిసిపోకూడదు, కుంగిపోకూడదు. నూరు ఆటలకు 5 పెద్ద బ్లైండ్లు సంపాదించే నిజంగా మంచి ఆటగాడిని తీసుకోండి. నూరు ఆటలకు ప్రామాణిక విచలనం, అంటే ఫలితం సగటు నుంచి అటూ ఇటూ ఊగే కొలత, సుమారు 90 పెద్ద బ్లైండ్లు అనుకుంటే, 10 వేల ఆటలకు అతడి సగటు లాభం 500, విచలనం 900. అంటే 10 వేల ఆటలు బాగా ఆడి కూడా నూటికి 29 సార్లు నష్టంతోనే లేస్తాడు. గంటకు 30 ఆటల బల్ల మీద ఈ 10 వేలు పూర్తి కావడానికి 333 గంటలు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున 42 రోజులు పడుతుంది. నాలాగా ఏడాదికి మూడు రోజులు గోవా వెళ్లేవాడికి పద్నాలుగేళ్లు. ఒక్క ప్రయాణంలో గెలిచి వచ్చి ఆట వచ్చేసిందనుకునే మిత్రులకు నేను ఈ గుణకారమే చెబుతాను. వాళ్లు వినరు.

మరి బల్ల దగ్గర సంఖ్యలు లేకుండా ఎదుటివాడిని ఎలా చదవాలి? ఎనిమిది గంటలు కూర్చుంటే 240 ఆటలు. వాటిలో ఒక్కొక్కరి ముక్కలు చివరికి బయటపడేది ఐదారుసార్లు. లెక్క కుదరదు. అయితే సాక్ష్యం అంటే లెక్కింపు ఒక్కటే కాదు. బేస్ సూత్రం చదివినవారికి తెలుసు: ఒక సంఘటన ఒక రకం మనిషి దగ్గర తరచుగా, మరో రకం మనిషి దగ్గర బహు అరుదుగా జరిగేదైతే, అది ఒక్కసారి జరిగినా చాలా చెబుతుంది. రెండు గంటలు నోరు మెదపకుండా, కాఫీ చల్లారబెట్టుకుంటూ కాల్ మాత్రమే చేస్తూ వచ్చిన మనిషి చివరి ముక్క మీద హఠాత్తుగా రైజ్ చేస్తే, నేను రెండు జంటలు ఉన్నా పడేస్తాను. అలాంటివాడు ఉత్త చేత్తో ఆ పని చేయడం నేను ఇన్నేళ్లలో ఒకటి రెండుసార్లకు మించి చూడలేదు. అదే రైజు ఆన్‌లైన్‌లో తెలియని పేరు నుంచి వస్తే కాల్ చేయడం గురించి ఆలోచిస్తాను. బల్ల మీద మూడు ఆఠీన్లు తెరుచుకోగానే ఒకడు తన రెండు ముక్కల మూలలు ఎత్తి మళ్లీ చూసుకున్నాడంటే, వాటిలో ఒకటే ఆఠీను ఉండి ఉంటుంది. రెండూ ఆఠీన్లయినవాడికి చూసుకోనవసరం ఉండదు, గుర్తుంటుంది. మూడు ముక్కలాట నుంచి వచ్చినవాడు కూర్చున్న పది నిమిషాల్లో తెలిసిపోతాడు. వాడికి పడేయడం పరువు తక్కువ. వాడి మీద బ్లఫ్ చేయకూడదు, మంచి ముక్కలు వచ్చినప్పుడు మాత్రం సిగ్గుపడకుండా ఎంత పెద్ద పందెమైనా కట్టాలి.

ముఖాలు చదువుతామని చెప్పేవారిని మాత్రం నేను పెద్దగా నమ్మను. 2013లో మైకేల్ స్లెపియన్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, వృత్తి ఆటగాళ్లు పందెం కడుతున్న దృశ్యాలను విద్యార్థులకు చూపించి, వాళ్ల ముక్కలు ఎంత మంచివో అంచనా వేయమన్నారు. ముఖాలు మాత్రమే చూసినవారి అంచనాలు గుడ్డిగా చెప్పినదాని కన్నా ఘోరంగా వచ్చాయి. చిప్స్ తోస్తున్న చేతులు మాత్రమే చూసినవారు గుడ్డి అంచనా కన్నా మెరుగ్గా చెప్పారు. ముఖాన్ని ఏళ్ల తరబడి సాధన చేసి మూసుకుంటాం, చేతుల సంగతి మరిచిపోతాం. ఇది చదివిన తరువాత కూడా నేను నా ముఖమే సరిచూసుకుంటూ వచ్చానని ఇక్కడ ఒప్పుకోవాలి.

ఆన్‌లైన్ ముక్కలు కలపడంలోనే మోసం ఉందనే ఫిర్యాదు ప్రతిచోటా వినబడుతుంది కనుక అది కూడా చెప్పి ముందుకు వెళ్తాను. 52 ముక్కలను అమర్చగల విధానాల సంఖ్య 68 అంకెలది. 1999లో ఒక భద్రతా సంస్థ పరిశోధకులు అప్పటి ఒక పోకర్ సాఫ్ట్‌వేరును పరిశీలిస్తే, అది అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లను విత్తనంగా, అంటే కలపడానికి మొదలుపెట్టే సంఖ్యగా, వాడుతోందనీ, అందువల్ల దానికి సాధ్యమైన కలపడాలు 8 కోట్ల 64 లక్షలేననీ, ఐదు ముక్కలు తెలిస్తే మిగతావన్నీ చెప్పవచ్చుననీ తేలింది. ఆ తరువాత అలాంటి లోపాలను సరిదిద్దారు. మనం ఇంట్లో కలపడమే అంతకన్నా అధ్వానం. ముక్కలను రెండు భాగాలు చేసి ఒకదానిలోకి ఒకటి జారవిడిచే పద్ధతిలో ఏడుసార్లు కలిపితే చాలునని 1992లో డేవ్ బేయర్, పర్సీ డయకోనిస్ చూపించారు. మన పెద్దలు చేసినట్టు చేతిలో పట్టుకుని గుప్పెళ్లుగా పైకీ కిందికీ మారిస్తే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువసార్లు కలపాలి. మా ఇంట్లో మూడుసార్లు కలిపి కట్ అడుగుతారు.

ఇంటి బల్ల ప్రస్తావన వచ్చింది కనుక, అది మూడో రకం బల్ల. మా ఇంట్లో చింతగింజలతో ఆడితే మొదటి నెల ఎవరూ ఏ ముక్కలూ పడేయలేదు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడిని బెదిరించడం కుదరదు కనుక బ్లఫ్ అనేదే పనిచేయలేదు. ఉచిత చిప్స్‌తో ఫోనులో ఆడేవారికి కూడా ఇదే అనుభవం. చివరికి గింజలు తక్కువ మిగిలినవాళ్లు ఆ రాత్రి గిన్నెలు కడగాలని మా ఆవిడ నియమం పెట్టింది. ఆ రాత్రి నుంచి మా బావమరిది ముక్కలు పడేయడం నేర్చుకున్నాడు. ఆటను అధ్యయనం చేయాలనుకునే విద్యార్థులకు నేను సూచించేది ఇలాంటి బల్లనే. డబ్బు ఉండదు, నొప్పి మాత్రం కొద్దిగా ఉంటుంది.

ఇక గోవా పెద్దాయన దగ్గరికి మళ్లీ వస్తాను. 2018లో అదే నౌకలో ఆయన మళ్లీ కనబడ్డాడు. ఈ రెండేళ్లలో నేను సిద్ధం చేసుకున్న మార్పు స్పష్టంగా ఉంది: ఈయన మీద బ్లఫ్ చేయకూడదు, నిజమైన కూర్పు ఉన్నప్పుడే పెద్దగా కట్టాలి. మొదటి సాయంత్రం రెండుసార్లు నాకు మూడేసి ఒకటే సంఖ్య ముక్కలు కూడాయి, రెండుసార్లూ మధ్యలో ఉన్నంత సొమ్ము కట్టాను. రెండుసార్లూ ఆయన నవ్వుతూ పడేశాడు. ఒక్క ఆట నుంచి, ఒక్కసారి చూసినదాని నుంచి నేను ఆయన మీద ఒక సంఖ్య రాసుకున్నాను. ఆయన ఆ మధ్యలో మారి ఉండవచ్చునని నాకు తోచలేదు. 30 ఆటల సంఖ్యను చూసి నవ్వమని ఇందాక మీకు చెప్పినవాడిని నేనే. సరే, పడేస్తున్నాడు కనుక ఇప్పుడు బ్లఫ్ చేయాలని రెండో రోజు రాత్రి నిశ్చయించుకున్నాను. సందర్భం వచ్చింది. మధ్యలో 8 వేలు, చివరి ముక్కగా ఇస్పేటు రాజు. నా చేతిలో ఏమీ లేదు. ముఖం రాయిలా పెట్టుకుని 8 వేలు ముందుకు పెట్టాను. ఆయన నా ముఖం వైపు చూడనే లేదు. కాసేపు నా చిప్స్ వైపు చూసి కాల్ చేశాడు, ఆరుల జంట చూపించాడు.

ఆట ముగిశాక పైడెక్కు మీద టీ తాగుతూ అడిగాను, ఎలా తెలిసిందండీ అని. అప్పటికి నేను అధ్యాపకుడినని ఆయనకు తెలుసు. "మంచి ముక్కలున్నప్పుడు మీరు గుప్పెడు తీసి పెడతారు మాస్టారూ, ఎంతని చూసుకోరు. ఏమీ లేనప్పుడు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టి పెడతారు. పోయినసారీ అంతే" అన్నాడు.